ఎడారి చలి, రెండు వేళ్ళ కిటికీ

ఒమాన్‌లో చలికి వణికిపోయామని చెబితే టొరంటోలో ఉన్న మా చెల్లెలు ఫోన్‌లో పకపకా నవ్వింది. "ఇక్కడ మైనస్ పదిహేనులో కారు మీది మంచు గీకుతున్నానక్కా. నువ్వు ఎడారిలో వణికానంటే ఎవరైనా నమ్ముతారా?" అంది. దాని తప్పేం లేదు. ఆ రాత్రికి ముందు నాకెవరైనా చెప్పినా నేనూ నవ్వేదాన్నే.

మేముండేది రైసూత్‌లో. సలాలా నగరానికి పడమటి వైపు, పదిహేను కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఒకవైపు ఓడరేవు, దాని పొడవాటి క్రేన్లు. ఇంకోవైపు సిమెంటు ఫ్యాక్టరీ, గోదాములు, వరసగా లారీలు. వీటన్నిటి వెనకాల గోడ కట్టినట్టు కొండలు. 1998లో కంటెయినర్ల రేవుగా మొదలైనప్పటి నుంచి ఆసియాకీ యూరప్‌కీ మధ్య తిరిగే పెద్ద ఓడలు ఇక్కడ ఆగుతున్నాయి. మా వంటింటి కిటికీలోంచి రాత్రిపూట ఆ ఓడల దీపాలు కనిపిస్తాయి. ఊరు కాదిది, పని చేసుకునే చోటు. అయినా ఏడేళ్ళు ఉంటే ఏ చోటైనా మనదే అవుతుంది.

సలాలా అనగానే అందరికీ గుర్తొచ్చేది ఖరీఫ్. మన పంట ఖరీఫ్ కాదు, ఇక్కడి వానకాలం. జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా కొండలన్నీ పచ్చబడి, పొగమంచు దిగి, సన్నటి తుంపర పడుతూ ఉంటుంది. గల్ఫ్ దేశాల జనమంతా ఇక్కడికే వస్తారు. మాలాంటి వాళ్ళకు మాత్రం అసలు హాయి చలికాలంలోనే. సముద్రం నెమ్మదిస్తుంది, ఆకాశం తేటపడుతుంది. తెల్లవారుజామున ఒక శాలువా కప్పుకుంటే చాలు. మధ్యాహ్నం జనవరిలో కూడా ఫ్యాన్ తిరగాల్సిందే. సముద్రం దుప్పటిలా కాస్తుంది ఈ తీరాన్ని.

ఆ దుప్పటి కొండల దాకానే ఉంటుందన్న సంగతి మాకు తెలియదు.

పోయిన చలికాలం మా అత్తమ్మ పాలమూరు నుంచి వచ్చింది. మా ఆయన పుట్టింది అక్కడే, ఇప్పుడది నారాయణపేట జిల్లా. అత్తమ్మ తన పెట్టెలో సగం పచ్చళ్ళు, మిగతా సగంలో ఒక నల్ల గొంగడి పెట్టుకొచ్చింది. "ఎడారిల గొంగడేంది అత్తమ్మా?" అంటే, "గొంగడి లేకుండ నేను ఊరు దాటిన్నా ఎప్పుడన్న?" అంది. దక్కనీ గొర్రెల ఉన్ని వడికి, నూలుకు చింతగింజల గంజి పట్టించి కురుమలు నేసిన గొంగడి అది. గరుకుగా, బరువుగా ఉంటుంది. మా అమ్మాయి దాన్ని ముట్టుకుని "గుచ్చుకుంటోంది నానమ్మా" అని మొహం చిట్లించింది.

అత్తమ్మకు ఎడారి చూడాలని కోరిక. మోకాళ్ళ నొప్పులు కాబట్టి గుడారంలో కింద పడుకోవడం కుదరదు. మా ఆయనతో పనిచేసే ఒమానీ మిత్రుడికి ఒక ట్రావెల్ ట్రైలర్ ఉంది. ఇక్కడ అందరూ కారవాన్ అంటారు. జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న గది. రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, పైకప్పు మీద ఇంత పెద్ద ఏసీ. ఆయన ఖరీఫ్‌లో పిల్లలతో కొండల్లోకి తీసుకెళ్తారట. మేం అడగగానే తాళాలు చేతిలో పెట్టారు. ఏసీ చూశాం, పొయ్యి చూశాం, బ్రేక్ లైట్లు చూశాం. హీటర్ ఉందా అని మాత్రం ఎవరం అడగలేదు. గల్ఫ్ ఎండ కోసం తయారైన బండిలో హీటర్ ఎందుకుంటుంది?

మొదటి రాత్రి దగ్గర్లోనే ఉండి చూద్దామని అల్ ముగ్సైల్ తీరానికి వెళ్ళాం. రైసూత్ దాటి ఇంకా పడమరగా పోతే వస్తుంది. ఖరీఫ్‌లో అక్కడ రాతి రంధ్రాల్లోంచి సముద్రపు నీరు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది. చలికాలంలో అవి ఊరికే ఊపిరి తీసినట్టు బుసబుసమంటుంటాయి. సముద్రపు గాలి కొంచెం చల్లగా ఉందని కిటికీలన్నీ గట్టిగా మూసేశాను. లోపలే అన్నం వండాను, చారు కాచాను, రెండుసార్లు టీ పెట్టాను. నలుగురం వెచ్చగా పడుకున్నాం.

తెల్లారి లేచేసరికి పైకప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి. కిటికీ అద్దాల మీద నీరు ధారలు కట్టింది. గోడలు తడి. పరుపు ఎత్తి చూస్తే దాని అడుగు కూడా తడి. అత్తమ్మ గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇల్లు ఏడ్చినట్లున్నది గదనే" అంది.

అదంతా మా ఊపిరే. నిద్రలో ఒక్కో మనిషి ఊపిరిలోంచీ ఒంట్లోంచీ సుమారు గ్లాసుడు నీళ్ళంత తేమ బయటికి వస్తుంది. నలుగురికి నాలుగు గ్లాసులు. దానికి తోడు గ్యాస్ పొయ్యి. కిలో వంటగ్యాస్ కాలితే కిలోన్నర పైచిలుకు నీరు ఆవిరిగా పుడుతుందని మా ఆయన లెక్కేసి చెప్పారు. ఇంట్లో అయితే అది ఎటో పోతుంది. రేకు డబ్బాలో ఎటు పోతుంది? చల్లటి గోడ తగలగానే మళ్ళీ నీరవుతుంది. తడిసిన పరుపు, తడిసిన దుప్పటి చలిని ఆపవు. "పైన కిటికీ కొంచెం తెరిచి ఉంచాల్సింది" అన్నారు మా ఆయన. "చలికి కిటికీ తెరవమంటారేంటండీ?" అని కొట్టిపారేశాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

పరుపులు ఎండలో ఆరబెట్టి, మధ్యాహ్నానికి కొండలెక్కాం. సలాలా నుంచి తుమ్రైత్ వెళ్ళే దారి ఖరా కొండల మీదుగా పోతుంది. సముద్రం వైపు వాలులో చెట్లు, గడ్డి, మేస్తున్న ఆవులు, ఒంటెలు. కొండ శిఖరం దాటగానే ఎవరో గీత గీసినట్టు పచ్చదనం ఆగిపోతుంది. ఖరీఫ్ మబ్బు దాటని గీత అది. అవతల రాళ్ళు, మట్టి, ఆకాశం, అంతే.

దారిలో వాది దౌకా దగ్గర ఆగాం. లుబాన్ చెట్ల లోయ అది. చెట్టు పెద్దదేం కాదు, మెలికలు తిరిగి, కాగితంలా పొరలు లేచిన బెరడుతో ఉంటుంది. బెరడు మీద గాటు పెడితే పాలలాంటి జిగురు కారి, ఎండి, పలుకులవుతుంది. మన సాంబ్రాణికి అన్నలాంటిదనుకోండి, చెట్టు మాత్రం వేరు. ఈ లోయనూ, షిస్ర్ శిథిలాలనూ, తీరంలోని రెండు పాత రేవు పట్టణాలనూ కలిపి యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అత్తమ్మ రాలిన చిన్న పలుకు ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి, కళ్ళు మూసుకుని, "గుడి" అంది.

తుమ్రైత్ దాటి షిస్ర్ చేరాం. సలాలా నుంచి 170 కిలోమీటర్లు పైనే. పాత కోట ఒకటి, దాని కింద కుంగిపోయిన నేల, పక్కన ఖర్జూర చెట్లు. ఇసుకలో మునిగిపోయిందని కథల్లో చెప్పే ఉబార్ పట్టణం ఇదేనని 1990ల మొదట్లో ఉపగ్రహ చిత్రాల సాయంతో వెతికినవాళ్ళు ప్రకటించారు. కాదనే పండితులూ ఉన్నారు. బెర్ట్రమ్ థామస్ అనే ఆంగ్లేయుడు 1930 డిసెంబరులో సలాలాలో బయలుదేరి, ఒంటెల మీద ఈ ఎడారి అంతా దాటి 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఎండకు భయపడి అందరూ చలికాలంలోనే దాటతారు. అంటే ఎడారి చలి ఎలా ఉంటుందో వాళ్ళకు బాగా తెలిసే ఉంటుంది. మాకే తెలియలేదు.

ఇసుక దిబ్బల్లోకి ట్రైలర్ లాగకూడదని మిత్రుడు ముందే చెప్పారు. అందుకని షిస్ర్ దాటాక గట్టి గులకరాళ్ళ మైదానంలో ఆపాం. చుట్టూ ఎక్కడా ఏమీ లేదు. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. సూర్యుడు మునిగేదాకా చొక్కాలతో తిరిగాం. మునిగిన అరగంటకు స్వెటర్లు వేసుకున్నాం. గంటకు టోపీలు, సాక్సులు. ఆకాశంలో తేమ లేదు, మబ్బు లేదు. పగలంతా కాగిన నేల తన వేడినంతా నేరుగా చుక్కల్లోకి వదిలేస్తోంది. దానికి తోడు ఉత్తరపు గాలి లేచింది. చలికాలంలో అప్పుడప్పుడు ఎడారి మీదుగా తీరం దాకా వీచే ఈ గాలిని ఇక్కడ బెలాత్ అంటారు. వస్తూ వస్తూ సన్నటి ఇసుకను తెస్తుంది. ఆ రాత్రి జీపులోని మీటరు 7 డిగ్రీలు చూపించింది.

ఏడు డిగ్రీలే కదా అంటారు మీరు. లంబసింగిలో అంతకన్నా తగ్గుతుంది, ఆదిలాబాద్‌లో తగ్గుతుంది, మీలో చాలామంది ఉండే చోట్ల అది ఎండాకాలపు రాత్రి కావచ్చు. కానీ మీ ఇంటి గోడలు చలికి కట్టినవి. మా గోడ ఒక పల్చటి అల్యూమినియం రేకు, వేలెడు మందం థర్మోకోల్, లోపల ప్లైవుడ్. కింద నేలకూ బండికీ మధ్య రెండడుగుల ఖాళీ. ఆ ఖాళీలోంచి గాలి ఈల వేస్తూ పోతోంది. నేల మీద పాదం పెడితే ఐసు మీద పెట్టినట్టు ఉంది. తలుపు అంచుల్లోంచి, కిటికీ రబ్బరు పక్కనుంచి సూదుల్లా గాలి.

బయట మా ఆయన నెగడు వేశారు. బొగ్గుల మీద చికెన్ కాల్చుకున్నాం, అత్తమ్మకు మొక్కజొన్న కంకి కాల్చాం. నెగడు చుట్టూ కూర్చున్నంతసేపు ముందంతా వేడి, వీపంతా చలి. తొమ్మిది దాటాక అత్తమ్మ మోకాళ్ళు పట్టేశాయి. లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. రెండు దుప్పట్లు, గొంగడి కప్పినా వణుకు తగ్గలేదు.

అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. మా అమ్మమ్మ ఇంట్లో చలికాలం మంచం కింద కుంపటి పెట్టేవాళ్ళు. బాలింత గదిలో కూడా కుంపటి ఉండేది. బయట ఎర్రటి నిప్పులు ఊరికే చల్లారిపోతున్నాయి. మంట లేదు, పొగ లేదు. ఒక ఇనుప పెనంలో నిప్పులు ఎత్తి, పైన బూడిద కప్పి, లోపలికి తెచ్చి రెండు మంచాల మధ్య ఇటుక మీద పెట్టాను. దాని మీద నాలుగు లుబాన్ పలుకులు వేశాను. గదంతా గుడిలా ఘుమఘుమలాడింది. వెచ్చదనం పోకూడదని తలుపు అంచులకు, కిటికీ సందులకు బ్రౌన్ టేప్ అంటించాను. పైకప్పు మీది గాలి మూత గట్టిగా తిప్పి మూసేశాను. అత్తమ్మ వణుకు ఆగింది. అమ్మాయి "అమ్మా, ఎంత బాగుందో" అంది. పది గంటలకు అందరం నిద్రపోయాం. అంత తెలివైన ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పదకొండున్నర ప్రాంతంలో ఏదో దభీమని పడిన చప్పుడు. కళ్ళు తెరవాలనుకున్నాను, తెరవలేకపోయాను. తల లోపల ఎవరో రోలు తిప్పుతున్నట్టు ఉంది. "బిడ్డా, నెత్తి పగుల్తున్నది... కాళ్ళు నిలబడ్తలేవు" అంటోంది అత్తమ్మ, నేల మీంచి. ఒంటికి పోవడానికి లేచి, తలుపు దాకా వచ్చి పడిపోయింది. పడుతూ పడుతూ తలుపు గొళ్ళెం పట్టుకుంది. టేప్ చిరిగి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు తెరుచుకోవడమే మమ్మల్ని బతికించింది.

చల్లటి గాలి మొహానికి కొట్టాక నాకు కొంచెం తెలివొచ్చింది. అమ్మాయిని ఎత్తుకుని బయటికి లాగాను. అది వాంతి చేసుకుంది. మా ఆయన్ని లేపితే లేవలేదు. పేరు పెట్టి అరిచాను, చెంప మీద కొట్టాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన్ని కొట్టడం అదే మొదటిసారి. కాళ్ళు పట్టుకుని గుంజాక కళ్ళు తెరిచి తాగినవాడిలా ఊగుతూ బయటికి వచ్చారు. ఆ ఏడు డిగ్రీల చలిలో, గులకరాళ్ళ మీద, ఒక గొంగడి కింద నలుగురం ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. పెనాన్ని బయటికి లాగి చూస్తే బూడిద కింద నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పొగ మాత్రం లేదు.

పొగ లేకపోవడమే మోసం. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనం ఊపిరి పీలుస్తూనే ఉంటాం, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం. మెలకువగా ఉన్నవాళ్ళకైనా ఇవి తెలుస్తాయి. నిద్రపోయినవాళ్ళకు తెలియకుండానే అంతా అయిపోతుంది. నేను లుబాన్ వాసన పీల్చి హాయిగా పడుకున్నాను. ఆ వాసన దేన్నీ కప్పలేదు, కప్పడానికి అసలు వాసనే లేదు. అది నాకు ధైర్యం ఇచ్చింది, అంతే. దేవుడి గదిలాంటి వాసన వస్తుంటే ప్రమాదం ఉందని ఎవరు అనుకుంటారు?

కాస్త తేరుకున్నాక ఏడుస్తూ అత్తమ్మను అడిగాను. "మన ఇండ్లల్ల కుంపటి పెడుతుండిరి గద అత్తమ్మా, అప్పుడు ఎవ్వరికి ఏం కాలేదెట్ల?" ఆమె కాసేపు ఆలోచించింది. "గవి పెంకుటిండ్లు బిడ్డా. పండుకుని సూస్తే పెంకుల సందుల నుంచి సుక్కలు కనపడ్తుండె. గాలి వస్తుండె, పోతుండె. స్లాబ్ ఇల్లు కట్టినంక మీ మామ కుంపటి లోపట పెట్టనియ్యలె, వాకిట్లనే పెట్టమన్నడు. ఎందుకో నాకు అప్పుడు సమజ్ గాలె" అంది.

నేను అమ్మమ్మ కుంపటిని గుర్తుపెట్టుకున్నాను, ఆమె ఇంటి పైకప్పును మరిచిపోయాను.

ఇంకా ఆరు గంటల రాత్రి మిగిలి ఉంది. చీకట్లో, ఊగుతున్న తలలతో బండి నడపడం కుదరదు. తలుపు, కిటికీలు బార్లా తెరిచి అరగంట వదిలేశాం. ఆ తర్వాత నిప్పు లేకుండా వెచ్చగా ఉండటం ఎలాగో ఒక్కొక్కటీ కనిపెట్టుకున్నాం. అసలు మొదటినుంచీ చేయాల్సింది ఇదే.

మొదట గాలి. జీపును తిప్పి, ట్రైలర్‌కు ఉత్తరం వైపు అడ్డంగా నిలబెట్టాం. బండి కింది ఖాళీలో ఆ వైపున నీళ్ళ డబ్బాలు, కూరగాయల పెట్టెలు, మడత కుర్చీలు పేర్చి, మీద చాప కట్టాం. ఈల ఆగింది. నేల మీద ఐసు తగ్గింది.

తర్వాత కింద. అందరం పైన కప్పుకోవడం గురించే ఆలోచిస్తాం. ఒంటి బరువుకు పరుపు నొక్కుకుపోయి చలి కిందినుంచే ఎక్కువ ఎక్కుతుంది. మంచం చెక్క మీద అట్టపెట్టెలు విప్పి పరిచాం, వాటి మీద పరుపు, పరుపు మీద గొంగడి. గొంగడి కప్పుకునేది అనుకున్నాను ఇన్నాళ్ళూ, పరుచుకుంటే దాని విలువ తెలిసింది. ఉన్ని కాస్త తేమ పీల్చినా వెచ్చదనం పోగొట్టుకోదు. గుచ్చుకుంటోందన్న మా అమ్మాయే దాని మీద ముందు పడుకుంది.

ఎండకు కారు అద్దానికి పెట్టే వెండి రంగు తెరను కిటికీ అద్దానికి లోపలివైపు ఆనించాం. వేడిని బయట ఆపడానికి కొన్నది, ఆ రాత్రి లోపల ఆపింది. చెమట పట్టిన బట్టలు మార్చి పొడివి వేసుకున్నాం. తలకు మఫ్లర్లు చుట్టాం. పొయ్యిని బయట, జీపు చాటున పెట్టి నీళ్ళు కాచాం. ప్రయాణాల పొయ్యికి వాడే చిన్న గ్యాస్ డబ్బాలో బ్యూటేన్ ఎక్కువైతే చలికి మంట నీరసంగా వస్తుంది. డబ్బాను కాసేపు కోటు లోపల పెట్టుకుని వెలిగిస్తే సరిగ్గా మండింది. వేడినీళ్ళు స్టీలు సీసాల్లో పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సుల్లో దూర్చి, ఒకటి అత్తమ్మ మోకాళ్ళ దగ్గర, ఒకటి అమ్మాయి పాదాల దగ్గర పెట్టాను. అవి తెల్లవారుజాము దాకా గోరువెచ్చగానే ఉన్నాయి. అందరికీ అల్లం, మిరియాలు, బెల్లం వేసి కషాయం ఇచ్చాను. ఒళ్ళు కాలడానికి కూడా తిండి కావాలి కదా, తలా ఒక రొట్టె, నెయ్యి తిన్నాం.

చివరగా మా ఆయన పైకప్పు గాలి మూత తెరిచారు. ఎదురుగా కింది కిటికీ రెండు వేళ్ళ మందం తెరిచారు. ఈసారి నేను మాట్లాడలేదు. నలుగురం ఒకే మంచం మీద అడ్డంగా సర్దుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. చలి వల్ల కాదు. అందరి ఊపిరీ లెక్కపెడుతూ కూర్చున్నాను. కిటికీ సందులోంచి ఒక చుక్క కనిపిస్తూనే ఉంది. తెల్లారి చూస్తే గోడల మీద ఒక్క తడి చుక్క లేదు.

సలాలాలో డాక్టరమ్మ అందరినీ పరీక్ష చేసి బాగానే ఉన్నారంది. తర్వాత నా వైపు తిరిగి చివాట్లు పెట్టింది. "రాత్రి సిగ్నల్ దొరికే చోటికి మెల్లిగా వెళ్ళైనా 9999కి ఫోన్ చేయాల్సింది. తల తేలికైతే అంతా పోయినట్టు కాదు. పిల్లలు, పెద్దవాళ్ళు, గర్భిణులు ఉంటే వెంటనే ఆక్సిజన్ పెట్టాలి." 9999 ఇక్కడి అత్యవసర నంబరు. ప్రతి చలికాలం ఇక్కడి సివిల్ డిఫెన్స్ వాళ్ళు గదుల్లో, గుడారాల్లో బొగ్గులు పెట్టవద్దని హెచ్చరిస్తూనే ఉంటారు. ఆ ప్రకటనలు నేను చూశాను. అవి ఎవరికోసమో అనుకున్నాను.

ఆ శుక్రవారం ఎప్పటిలాగే నలుగురు పాలమూరు, నిజామాబాద్ అబ్బాయిలు మా ఇంటికి భోజనానికి వచ్చారు. కొండల అవతల పని, ఉండేది పోర్టా క్యాబిన్‌లో. అత్తమ్మ వాళ్ళకు అన్నం వడ్డిస్తూ జరిగిందంతా చెప్పింది. ఒకబ్బాయి ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "మేం గూడ పెడ్తున్నం అవ్వా. పొగ రాదు గద అని, తలుపు మూసి" అన్నాడు మెల్లగా. గది ఎంత ఉంటుందని మా ఆయన అడిగితే, మీ కారవాన్ అంతే ఉంటుందన్నాడు. అందులో ఆరుగురు పడుకుంటారట.

నాకు అప్పుడు అసలు భయం వేసింది. మాది ఒక్క రాత్రి సరదా. వాళ్ళది రోజూ రేకు డబ్బానే. వాళ్ళ తల్లులు ఊళ్ళో కుంపటి పక్కన కూర్చుని, కొడుకు ఎండల దేశంలో ఉన్నాడని నిశ్చింతగా ఉంటారు.

మేం బజారుకెళ్ళి రెండు కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొన్నాం. బ్యాటరీతో పనిచేసే అరచేతి అంత డబ్బా. ఒకటి మిత్రుడి ట్రైలర్‌లో మంచం ఎత్తున బిగించి తాళాలు తిరిగిచ్చాం. ఇంకోటి ఆ అబ్బాయిల చేతికిచ్చాం. అత్తమ్మ ఊరికి వెళ్ళేటప్పుడు గొంగడి కూడా వాళ్ళకే ఇచ్చేసింది. "లేకుండ ఊరు దాటనంటివి గద" అన్నాను. "నాకు ఊర్ల ఇంకోటున్నది. గిది ఈడనే ఉండనీ. కింద పరుసుకోమని చెప్పు, కప్పుకోను కాదు" అంది.

మీలో చాలామంది అమెరికాలో ఆర్.వి. తీసుకుని, ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో కారవాన్ తీసుకుని పిల్లలతో తిరుగుతుంటారు. మీ బండ్లలో మంచి హీటర్లు ఉంటాయి, వాటి పొగ గొట్టాలు బయటికి ఉంటాయి. అయినా ఒకసారి అలారం బటన్ నొక్కి మోగుతుందో లేదో చూసుకోండి. బండి లేనివాళ్ళు కూడా చూసుకోండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు పడి కరెంటు పోయినప్పుడు ఇళ్ళలో బొగ్గుల గ్రిల్లులు పెట్టుకుని, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చుని వందలమంది ఇదే విషవాయువుతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళెవరూ తెలివితక్కువ వాళ్ళు కాదు. నాలాగే, పిల్లలు వణుకుతుంటే చూడలేకపోయినవాళ్ళు.

ఇదంతా చెప్పాక టొరంటో చెల్లెలు నవ్వడం మానేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉండక్కా, మా బేస్‌మెంట్‌లో అలారం ఎప్పుడో బ్యాటరీ అయిపోయి కూస్తుంటే తీసి పక్కన పెట్టాం. చూసొస్తాను" అని ఫోన్ పట్టుకునే మెట్లు దిగింది.